త్రిభుజంలో ఇమడని నాన్న

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘ప్రేరణ’ అనే మాట ఉంది. పిల్లవాడికి ప్రేరణ లేదు, సిబ్బందికి ప్రేరణ లేదు, నాకే ప్రేరణ లేదు అని. అదేదో కుళాయి నీళ్లలా ఒక వేళకు వచ్చి ఇంకో వేళకు ఆగిపోయే వస్తువన్నట్టు రాశారు అందరూ. ముప్పై ఏళ్లు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మనోవిజ్ఞానం చెప్పినవాణ్ని. ఆ అభిప్రాయం జనంలోకి పోవడంలో నాకూ వాటా ఉంది. అందుకని ఈసారి ఆ ఉత్తరాలే తీసుకున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. మాకు మాస్లో అనే అమెరికా మనోవిజ్ఞాని చెప్పిన అవసరాల అనుక్రమణిక పాఠం అయింది. కింది అవసరం తీరితేనే మనిషి పై అవసరం వైపు చూస్తాడని, అన్నిటికంటే పైన ఆత్మ ప్రస్తావన ఉంటుందని రాసుకుని, అంతస్తులుగా త్రిభుజం బొమ్మ వేసుకున్నాను. మా నాన్నకు ఉద్యోగం పోయి రెండేళ్లయింది. అప్పులున్నాయి. వచ్చే నెల ఈ ఇంట్లోనే ఉంటామో లేదో తెలియదు. అయినా రోజూ రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుని కవితలు రాస్తారు. ఆ త్రిభుజంలో మా నాన్నను ఏ అంతస్తులో పెట్టాలో తెలియడం లేదు. సిద్ధాంతం తప్పా, మా నాన్న తప్పా?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మాయీ, మీ నాన్నగారి తప్పేమీ లేదు. మాస్లోను కూడా అంతగా తప్పుపట్టలేం. నాలాంటి పాఠం చెప్పేవాళ్లను పట్టుకో.

ఏటా ఆ పాఠం నాకు సెలవు రోజుతో సమానం. కొలబద్ద బోర్డుకు ఆనించి మూడు గీతలు గీసేవాణ్ని, లోపల నాలుగు అడ్డగీతలు. అట్టడుగున శారీరక అవసరాలు: ఆకలి, దాహం, నిద్ర. దాని మీద భద్రత, ఆపైన ప్రేమ, అనుబంధం, ఆపైన గౌరవం, గుర్తింపు. శిఖరంలో చోటు చాలదు కాబట్టి ‘ఆత్మ ప్రస్తావన’ అన్న మాటను త్రిభుజం బయట రాసి బాణం గుర్తు పెట్టేవాణ్ని. (ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. తన గురించి తాను ప్రస్తావించుకోవడం అన్నట్టు వినిపిస్తుంది. తనలో ఉన్నది పూర్తిగా పండించుకోవడం అని దాని భావం. పాఠ్యపుస్తకంలో ఉంది కాబట్టి నేనూ అదే రాశాను.) పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన పదకొండో పన్నెండో ఏట వెనక బల్ల మీది కుర్రవాడు ఒకడు లేచి, ‘మాస్టారూ, ఈ బొమ్మ మాస్లో ఏ పుస్తకంలో గీశాడండీ?’ అని అడిగాడు. ‘అన్నిట్లోనూ ఉంటుంది, కూర్చో’ అన్నాను. అప్పటికి మాస్లో రాసింది నేను ఒక్క పేజీ కూడా చదవలేదు.

ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది. అయినా మాస్లో ఈ సిద్ధాంతం చెప్పిన వ్యాసం నకలు తెప్పించుకోవడానికి ఏడాది పట్టింది. 1943లో ‘సైకలాజికల్ రివ్యూ’ పత్రికలో అచ్చయిన వ్యాసం అది. మొదటి పేజీ నుంచి చివరి దాకా తిరగేశాను, మళ్లీ వెనక నుంచి ముందుకు తిరగేశాను. త్రిభుజం లేదు. మెట్లు లేవు. అసలు బొమ్మే లేదు. ఆ ఆకారం తరవాతి కాలంలో మేనేజ్‌మెంటు పాఠాలు రాసేవాళ్లు తగిలించింది. అచ్చులో దొరికే తొలి బొమ్మల్లో ఒకటి 1960 నాటి ఒక వ్యాసంలో ఉంది. డబ్బు చూపించి ఉద్యోగుల చేత ఎలా పని చేయించాలన్నది ఆ వ్యాసం విషయం!

మరి మాస్లో ఏమని రాశాడు? ఒక అవసరం నూటికి నూరుపాళ్లు తీరాకే రెండోది తలెత్తుతుందనుకోవడం పొరపాటు అని రాశాడు. మాట అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించి వేశాడు. సగటు మనిషికి శారీరక అవసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, ఆత్మగౌరవం 40, శిఖరంలో ఉన్నది 10 శాతం తీరి ఉండవచ్చు అని. ఎవరినీ కొలిచి చెప్పినవి కావు అవి. అంటే మనం ఒకేసారి అన్ని అవసరాల్లోనూ కొంత నిండి, కొంత వెలితిగా బతుకుతుంటాం. ఇంకో పేరాలో వరసకు లొంగనివాళ్లను లెక్కపెట్టాడు. కొందరిలో సృజించాలన్న తపన మిగతా వాటన్నిటినీ పక్కకు నెడుతుందని, కింది అవసరాలు తీరకపోయినా అది పుడుతుందని స్పష్టంగా రాశాడు. మీ నాన్నగారు ఆ పేరాలో ఉన్నారమ్మా. మేం బోర్డు మీద గీసిన బొమ్మలో లేరు, అంతే.

అలాగని ఆకలిని తక్కువ చేయకు. ‘ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు’ అన్నవాళ్లకు మాస్లో వచ్చి కొత్తగా చెప్పాల్సింది లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు అరకడుపు తిండి పెట్టి చూశాడు. ఒంటి బరువులో దాదాపు నాలుగోవంతు కరిగిపోయింది. మనసులో జరిగింది అంతకంటే విచిత్రం. నవ్వులు, సరదాలు పోయాయి. ఆడపిల్లల ఊసు పోయింది. ఖాళీ వేళల్లో చదువుకుందామని వచ్చినవాళ్లు పుస్తకాలు మూలపెట్టి, వంటల పుస్తకాలు పట్టుకుని గంటల తరబడి కూర్చున్నారు. పళ్లెం నాకి మరీ లేచారు. ఇక్కడిదాకా మాత్రమే చెబితే ఆ త్రిభుజానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. నేనూ తరగతిలో ఇక్కడిదాకానే చెప్పేవాణ్ని.

కానీ ఆ 36 మంది ఎవరు? సాటి మనిషిని చంపడం తప్పని నమ్మి యుద్ధానికి వెళ్లనన్నవాళ్లు. యుద్ధంలో తిండి లేక ఎండిపోయిన జనానికి తిరిగి ఒళ్లు ఎలా తెప్పించాలో తేల్చడానికి పనికొస్తుందని తెలిసి, తమంతట తామే వచ్చి పస్తులకు ఒప్పుకున్నవాళ్లు. తలుపు తీసుకుని బయటికి నడిస్తే తిండి దొరికేది. ఎక్కువమంది నడవలేదు. వంటల పుస్తకం చదువుతూ కూర్చున్నదీ ఆ మనిషే, మాట కోసం ఆకలిని ఓర్చుకున్నదీ ఆ మనిషే. ఇప్పుడు చెప్పు, అతన్ని ఏ అంతస్తులో పెడతావు?

2011లో లూయీ టే, ఎడ్ డీనర్ అనే ఇద్దరు 123 దేశాల నుంచి అరవై వేల మందికి పైగా చెప్పిన సమాధానాలు పరిశీలించారు. మాస్లో చెప్పిన అవసరాలు ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటిలో ఏది తీరినా మనిషికి బతుకు బాగున్నట్టే అనిపిస్తోంది. కింది అవసరం వెలితిగా ఉన్నా పైది తీరినందువల్ల కలిగే తృప్తి పెద్దగా చెక్కుచెదరడం లేదు. ఇల్లుంటుందో లేదో తెలియని రాత్రి రాసుకున్న కవిత ఇచ్చే తృప్తి నిజమైనదే.

అప్పు మాత్రం కవితతో తీరదు. దానికి వేరే దారి, వేరే సాయం వెతకాల్సిందే. ఆ పనిలో నువ్వూ చెయ్యి వెయ్యి. రాత్రిపూట ‘ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని కవితలా?’ అని మాత్రం ఎవరినీ అననివ్వకు. వీలైతే ఒకటి చదివి వినిపించమని అడుగు.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మా పాపకు ఆరేళ్లు. బొమ్మలు వేయడమంటే ప్రాణం. కాగితం దొరక్కపోతే గోడ మీద వేసేది. ఇంకా బాగా వేస్తుందని బొమ్మకో నక్షత్రం అంటించడం మొదలుపెట్టాను. పది నక్షత్రాలకు ఒక బహుమతి. మొదట్లో రోజుకు ఏడెనిమిది వేసింది. ఇప్పుడు రంగుల పెట్టె ముందు పెడితే ‘ఎన్ని నక్షత్రాలిస్తావు?’ అంటోంది. నక్షత్రాలు ఆపేశాక పెట్టె ముట్టుకోవడం లేదు. ఎక్కడ పొరపాటు చేశాను?
– ఒక తల్లి

జవాబు: తల్లీ, ఈ పొరపాటులో మీకు తోడు నేనున్నాను. నా కథ వింటే మీకు కాస్త ఊరటగా ఉంటుంది.

మా అబ్బాయి మూడో తరగతిలో ఉండగా మంచం కింద దూరి కథల పుస్తకాలు చదివేవాడు. పిలిచినా పలికేవాడు కాదు. నాకు ఆశ పుట్టింది. చదివిన ప్రతి పుస్తకం పేరూ రాయడానికి ఒక నోటు పుస్తకం కుట్టి, ఇరవై పుస్తకాలకు ఒక కానుక అన్నాను. నెల తిరిగేలోపు నలభై పేర్లయ్యాయి. నా అంత గొప్ప తండ్రి ఉండడనుకున్నాను. ఒక సాయంత్రం వాడు బీరువా ముందు నిలబడి ఒక్కో పుస్తకాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూస్తున్నాడు. ఏం చేస్తున్నాడో నాకు వెంటనే అర్థం కాలేదు. మందం కొలుస్తున్నాడు! పల్చగా ఉన్నవి ఒక పక్కకు, లావుగా ఉన్నవి మళ్లీ అరలోకి. వాడికి ఎంతో ఇష్టమైన లావుపాటి సముద్రయానం కథ ఆ అరలోకే పోయింది. తరగతి గదిలో పునర్బలనం, అంటే బహుమతి లాంటిది ఇచ్చి ఒక పనిని బలపరచడం మీద పాఠం చెప్పి అప్పుడే ఇంటికొచ్చిన మనిషిని నేను.

ఇది మీ ఇంట్లో, మా ఇంట్లో జరిగిన వింత కాదు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక శిశు విద్యాలయంలో, బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ‘బొమ్మ వేస్తే బంగారు చుక్క, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తాం’ అని ముందే చెప్పారు. రెండో జట్టుకు ఏమీ చెప్పకుండా వేశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ లేదు. కొద్ది రోజులు పోయాక, పత్రాల ఊసు లేకుండా, రంగు కలాలు ఊరికే బల్ల మీద పెట్టి చాటు నుంచి చూశారు. ఏమీ ఇవ్వని పిల్లలు తమ ఖాళీ సమయంలో సుమారు 17 శాతం వాటితో గడిపారు. అనుకోకుండా పత్రం అందుకున్నవాళ్లు 18 శాతం. ముందే మాట తీసుకుని వేసినవాళ్లు 9 శాతం లోపే.

ఎందుకు ఇలా? ‘నేనిది ఎందుకు చేస్తున్నాను?’ అని పిల్ల మనసు తనకు తెలియకుండానే లెక్క వేసుకుంటుంది. నక్షత్రం రానంత కాలం ఒకటే జవాబు: నాకు ఇష్టం కాబట్టి. నక్షత్రం వచ్చాక కంటికి ఎదురుగా కనిపించే జవాబు ఇంకొకటి దొరికింది. ఇక మొదటిదాన్ని వెతుక్కోవాల్సిన పని లేదు. ఎడ్వర్డ్ డెసీ 1971లో పెద్దవాళ్లతో చేసిన ప్రయోగంలోనూ ఇదే ధోరణి కనిపించింది. చెక్కముక్కలతో ఆకారాలు పేర్చే చిక్కుప్రశ్నలు ఇచ్చి, విప్పిన ప్రతిదానికీ ఒక డాలరు ఇచ్చాడు. డబ్బు ఆపేశాక ఆ విద్యార్థులు విరామ సమయంలో ముక్కలను పట్టించుకోవడం తగ్గించారు. కోతులు కూడా అంతే. మాస్లోకు గురువైన హ్యారీ హార్లో పంజరంలో గడియ, కొక్కెం, చీల ఉన్న ఒక యంత్రం పెడితే, ఎవరూ ఏమీ ఇవ్వకుండానే కోతులు దాన్ని విప్పుతూ కూర్చున్నాయి. తినుబండారం మధ్యలోకి తెచ్చాక వాటి పని చెడింది. అప్పటిదాకా ఆకలి, దాహం, నొప్పి వంటివే జంతువును కదిలిస్తాయని చెప్పే పుస్తకాలకు ఇది మింగుడుపడలేదు. ‘అంతర్గత ప్రేరణ’ అన్న మాట 1950లో హార్లో వాడింది.

ఇప్పుడేం చేయాలి? నక్షత్రాలను తిరిగి తేకండి. ‘నీకు ఇష్టమే కదమ్మా, వెయ్యి’ అని వెంటపడకండి. అది కూడా ఒత్తిడే. కాగితాలు, రంగులు అందేచోట పెట్టి, మీరే కూర్చుని ఏదో ఒకటి వేయండి. ఎంత చెడ్డగా వేస్తే అంత మంచిది, పిల్ల వచ్చి దిద్దుతుంది. వేసిన రోజున ‘భలే ఉంది’ అని మార్కులు వేయకుండా, బొమ్మలోకి వెళ్లి మాట్లాడండి. ‘ఈ గుర్రానికి కాళ్లు ఐదెందుకు?’ అని అడిగితే అర్ధగంట కథ వస్తుంది. ఎప్పుడైనా ముద్దొచ్చి ఒక కొత్త రంగు కొనిచ్చారనుకోండి, తప్పేమీ లేదు. ముందుగా బేరం పెట్టనంతవరకే.

బహుమతులన్నీ విషమని నేననను. పళ్లు తోముకోవడం లాంటి, ఏ పిల్లకూ ఇష్టం లేని పనికి నక్షత్రం అంటించుకోండి. అక్కడ పోయే ఇష్టమేమీ లేదు. మా వాడి నోటు పుస్తకం నేనే తీసి అటక మీద పడేశాను. ఏడాది పైనే పట్టింది, మళ్లీ వాణ్ని మంచం కింద నుంచి కాళ్లు పట్టి లాగాల్సిన రోజు రావడానికి.

ప్రశ్న: సార్, రోజూ ఉదయం ప్రేరణ కలిగించే ప్రసంగాలు ఫోనులో రెండు గంటలు వింటాను. విన్నంతసేపు కొండనైనా పిండి చేయగలననిపిస్తుంది. తరవాత మంచం దిగబుద్ధి కాదు. ఇంతకంటే మంచి వక్త ఎవరైనా ఉంటే చెప్పండి.
– ఒక యువకుడు

జవాబు: నాయనా, రెండు గంటలు మంచం మీదే పోయాక మంచి వక్త వచ్చి మాత్రం ఏం చేస్తాడు?

గెలిచినట్టు ఊహించుకోవడంలో ఒక చిక్కుంది. హెదర్ కాపెస్, గాబ్రియెల్ ఎటింగెన్ 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, అంతా అద్భుతంగా జరిగిపోయినట్టు తీపి ఊహల్లో తేలినవాళ్లకు ఒంట్లో ఉత్సాహం తగ్గింది. రక్తపోటు కొలిచి మరీ చూశారు. పని అయిపోయిందనుకుని ఒళ్లు విశ్రాంతికి దిగుతుందన్నమాట. దీనికి పీటర్ గోల్విట్జర్ చూపిన మందు చాలా చప్పగా ఉంటుంది, అందుకే దాని మీద ఎవరూ ప్రసంగాలు చేయరు. ‘ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను’ అని ఒక్క వాక్యం కాగితం మీద రాసుకోవాలి. ‘పళ్లు తోముకుని రాగానే కుర్చీలో కూర్చుని 41వ పేజీ తెరుస్తాను’ – ఇంత చిన్నగా. ‘బాగా చదువుతాను’ అని రాస్తే లాభం లేదు. ఆ ఫోను రాత్రే వేరే గదిలో పెట్టు.

ప్రశ్న: మాస్టారూ, నా కింద పద్నాలుగు మంది పనిచేస్తారు. ఈ ఏడాది అందరికీ జీతం పెంచాం. కొత్త కుర్చీలు వేశాం. గదికి ఏసీ పెట్టించాం. మూడు నెలలు ముఖాలు వెలిగిపోయాయి. ఇప్పుడు మళ్లీ మామూలే. ఇంకా ఏం ఇవ్వాలి?
– ఒక అధికారి

జవాబు: అయ్యా, ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో మీ ప్రశ్నకే ఒక పుస్తకం రాశాడు. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు రెండు వందల మంది ఇంజినీర్లను, లెక్కలు చూసేవాళ్లను కూర్చోబెట్టి, ‘మీ పనిలో చాలా ఆనందంగా అనిపించిన సందర్భం చెప్పండి, చాలా చిరాకుగా అనిపించినదీ చెప్పండి’ అని అడిగించాడు. రెండు జాబితాలూ ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. చిరాకు జాబితాలో కంపెనీ నియమాలు, పైఅధికారి తీరు, జీతం, గది. ఆనందం జాబితాలో సాధించిన పని, గుర్తింపు, బాధ్యత, పని మీదే ఇష్టం. మొదటి రకాన్ని ఆయన పారిశుద్ధ్యంతో పోల్చాడు. మురుగు తీస్తే జబ్బు రాదు, అంతమాత్రాన ఒంటికి బలం రాదు. మీరు మురుగు తీశారు, మంచి పనే. బలం ఎందుకు రాలేదని అడుగుతున్నారు.

హెర్జ్‌బర్గ్ పద్ధతి మీద నాకు అనుమానాలున్నాయి. మంచి జరిగితే ‘నేను చేశాను’ అని, చెడు జరిగితే ‘వాళ్లు చేశారు’ అని చెప్పడం మనిషి సహజగుణం కదా. ఆ రెండు జాబితాల్లో కొంత భాగం ఆ గుణం రాయించిందే అయి ఉండాలి. చాలీచాలని జీతం తీసుకునేవాడి దగ్గరికి వెళ్లి ఈ సిద్ధాంతం చెబితే మర్యాదగా కూడా ఉండదు. అయినా మీ విషయంలో అది సరిగ్గా అతుకుతుంది.

నా అనుభవం ఒకటి. నేను పనిచేసిన చోట ఒక ఏడాది జీతాలు పెరిగాయి. అదే నెలలో ప్రయోగశాల బీరువా తాళంచెవి నా గదిలో నుంచి కార్యాలయానికి మార్చారు. ఇకమీదట పరికరాలు కావాలంటే చీటీ రాసి సంతకం పెట్టించుకోవాలి. జీతం ఎంత పెరిగిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. గోడకున్న ఆ ఖాళీ మేకు మాత్రం ఇప్పటికీ కళ్లముందుంది. చెయ్యి అలవాటుగా దాని దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చేది. ఆ ఏడాది విద్యార్థుల చేత నేను చేయించిన ప్రయోగాలు సగానికి సగం తగ్గాయి. నేను సోమరినైపోయానని పైవాళ్లు అనుకున్నారట.

డెసీ, రిచర్డ్ ర్యాన్ కలిసి మనిషి మనసుకు ఆకలి మూడు రకాలు అన్నారు: నా పని నా ఇష్టప్రకారం నడవాలి, అది నాకు చేతనవ్వాలి, నావాళ్లనుకునేవాళ్లు కొందరు ఉండాలి. ఆ పద్నాలుగు మందిలో ఎంతమంది పోయిన నెలలో మిమ్మల్ని అడక్కుండా ఒక్క నిర్ణయమైనా తీసుకున్నారో లెక్కపెట్టి చూడండి. మీరు ఎవరెవరి తాళంచెవులు తీసి మీ సొరుగులో పెట్టుకున్నారో కూడా.

ప్రశ్న: పట్టుదల పుట్టుకతో వస్తుందా, నేర్పితే వస్తుందా?

జవాబు: కొంత అదీ, కొంత ఇదీ. డేవిడ్ మెక్లెలండ్ అనే మనోవిజ్ఞాని, ఏదైనా సాధించాలన్న తపనను ‘సాధనా ప్రేరణ’ అన్నాడు. ఆయన చెప్పిన రింగుల ఆట నాకు ఇష్టం. ఒక కొయ్య పాతి, ఎంత దూరం నుంచైనా సరే దాని మీద పడేలా రింగులు విసరమంటారు. సాధన మీద తపన తక్కువున్నవాళ్లు మరీ దగ్గరగానో, అందనంత దూరంగానో నిలబడతారు. దగ్గరైతే ఓటమి లేదు, దూరమైతే ఓడినా తప్పు పట్టేవాడు లేడు. తపన ఉన్నవాడు మధ్యలో నిలబడతాడు, పడుతుందో పడదో తన చెయ్యే తేల్చే చోట. దీన్ని నేర్పవచ్చా అని చూడటానికి ఆయన బృందం 1964లో మన కాకినాడకు చెందిన వ్యాపారులకు హైదరాబాదులో కొద్ది రోజుల శిక్షణ ఇచ్చింది. తరవాత చూస్తే, శిక్షణ లేనివాళ్ల కంటే వీళ్లు కొత్త పనులు ఎక్కువగా మొదలుపెట్టారు. ప్రపంచమంతా మనోవిజ్ఞాన పుస్తకాల్లో కాకినాడ పేరు కనిపించడానికి కారణం ఇదే.

ప్రశ్న: మాస్టారు గారూ, నాకు 67 ఏళ్లు. ఇల్లుంది, పింఛనుంది, పిల్లలు స్థిరపడ్డారు, అందరూ గౌరవిస్తారు. మీ పుస్తకాల ప్రకారం నాకు ఏ లోటూ ఉండకూడదు. కానీ పొద్దున లేస్తే ఈ రోజు ఎందుకు వచ్చిందా అనిపిస్తుంది. ఇది కృతఘ్నతా?

జవాబు: కాదండీ. ముందుగా ఒక మాట. నిద్ర, ఆకలి కూడా తగ్గి, ఇలా కొన్ని వారాలుగా ఉంటే వైద్యుణ్ని కలవండి. అది వేరే సంగతి, దానికి మందులున్నాయి. బతకాలని లేదన్న ఆలోచన ఏ మూల మెదిలినా వాయిదా వేయకండి, ఇంట్లోవాళ్లకు ఈ రోజే చెప్పండి.

అది కాకపోతే, హార్లో ప్రయోగశాలలోనే రాబర్ట్ బట్లర్ 1953లో ప్రచురించిన ఒక పరిశీలన మీకు చెప్పాలి. కోతిని చుట్టూ మూసిన పెట్టెలో కూర్చోబెట్టారు. తిండికి లోటు లేదు, భయం లేదు. సరైన రంగు పలక తోస్తే చిన్న కిటికీ అరనిమిషం పాటు తెరుచుకుంటుంది, బయట జరిగేది కనిపిస్తుంది. కోతులు గంటల తరబడి ఆ పలకలు తోస్తూనే ఉన్నాయి. ఏమీ రాదు, ఊరికే చూడటానికే. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఆ కిటికీ గుర్తొచ్చింది.

మీరు రాసిన జాబితా మొత్తం మీ దగ్గర ఉన్నవాటి గురించి. మీరు చేసేవాటి గురించి ఒక్క ముక్క లేదు. ఇంట్లో ఆఖరిసారి మీ మాటతో తేలిన విషయం ఏది? మీకు చేతనైన పనిని ఎవరైనా మిమ్మల్ని అడిగి ఎన్నాళ్లయింది? గౌరవిస్తారన్నారు. గౌరవించేవాళ్లు చాలాసార్లు పని చేయనివ్వరు, ‘మీరు కూర్చోండి’ అంటారు. నేను పదవీ విరమణ చేసిన మర్నాడు సాయంత్రం చేతులు కడుక్కుంటూ చూసుకున్నాను, సుద్దపొడి లేదు. నీళ్లు తెల్లగా పారలేదు. కొళాయి కట్టేసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ తరవాత ఈ ఉత్తరాలకు జవాబులు రాస్తానని నేనే పత్రికవాళ్లను అడిగాను. వాళ్లు పిలవలేదు.

మీరు ఉద్యోగంలో ఏం చేసేవారో రాయలేదు. ఆ సంగతి రాస్తూ ఇంకో ఉత్తరం వేయండి. అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: మాస్టారూ, ఎల్లుండి పరీక్ష. మాస్లో ప్రశ్న తప్పకుండా వస్తుందంటున్నారు. త్రిభుజం గీయాలా, వద్దా?

జవాబు: ఈ సంచిక నీ చేతికి వచ్చేసరికి పరీక్ష అయిపోయి ఉంటుంది. గీసే ఉంటావు. నేను దిద్దిన రోజుల్లో గీయనివాళ్లకు రెండు మార్కులు తగ్గించేవాణ్ని. వాళ్లలో ఒకడు, ఆ వెనక బల్లవాడే, గీయకుండా ‘ఇది ఏ పుస్తకంలోనూ కనబడలేదు’ అని రాసి వదిలేశాడు. వాడికీ తగ్గించాను.